నీళ్ళు కలిశాయి

నా చిన్నప్పుడు నేను నోరు విప్పేదాన్ని కాదంటే ఇవాళ మా ఇంట్లో ఎవరూ నమ్మరు. మా అల్లుడైతే మరీనూ. నేను ఫోను అందుకున్నానంటే ఆయన చడీచప్పుడు లేకుండా చెప్పులు వేసుకుని, అమ్వాజ్ సముద్రపు గట్టు మీద నడకకి వెళ్ళిపోతాడు. గంట తర్వాత తిరిగొచ్చేసరికి నేను ఇంకా అదే ఫోనులో, ఇంచుమించు అదే వాక్యంలో ఉంటాను. ఈ దీవిలో తవ్వినకొద్దీ వచ్చేవి రెండే, ఒకటి చమురు, రెండోది అత్తయ్యగారి కబుర్లు అని ఆయన హాస్యం. చమురు ఎప్పటికైనా అయిపోతుందట.

అయినా ఇది నిజం. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, ఇదే బహ్రెయిన్‌లో, ఐదు నెలలపాటు నా నోట్లోంచి ఒక్క మాట బయటికి రాలేదు. ఆ మాట ఎలా వచ్చిందో చెప్పాలంటే మా తాతయ్య గురించి చెప్పాలి. తాతయ్య గురించి చెప్పాలంటే ముందు లాకుల గురించి చెప్పాలి. చూశారా, అప్పుడే మొదలుపెట్టాను.

మాది గోదావరి కాలవ ఒడ్డున ఊరు. మా నాన్నకి నాన్న అయిన తాతయ్య ఆ కాలవ మీద లాకుల దగ్గర లస్కరుగా పనిచేశాడు. కాలవ మెరక నుంచి పల్లానికి దిగే చోట నీళ్ళయితే దూకేస్తాయి గాని, పడవ దూకలేదు కదా. అందుకని అక్కడ రెండు జతల పెద్ద తలుపులు పెట్టి, మధ్యలో పడవ పట్టేంత గది కడతారు. పడవ గదిలోకి వచ్చాక వెనక తలుపులు మూసేసి, ముందు తలుపుల అడుగునున్న తూములు ఎత్తుతారు. గదిలో నీళ్ళు నెమ్మదిగా దిగుతాయి, వాటితో పాటు పడవా దిగుతుంది. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒక మట్టానికి వచ్చాక చక్రం తిప్పితే తలుపులు తెరుచుకుంటాయి. ఆ చక్రం మా తాతయ్యది. ఊళ్ళో మా అసలు ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు, అందరికీ మేం 'లాకులోళ్ళం'. తర్వాత రోజుల్లో, లాకులోళ్ళ పిల్ల నోటికే లాకు పడిందేమిటి అని మా అమ్మ ఏడుపూ నవ్వూ కలిపి అన్నదట.

మా నాన్న కాలవ వదిలి సముద్రం పట్టుకున్నాడు. ఓడలు బాగుచేసే రేవులో ఫిట్టరు పని దొరికి బహ్రెయిన్ వచ్చి, కొన్నాళ్ళకి అమ్మనీ నన్నూ పిలిపించుకున్నాడు. మనామాలో రెండు గదుల ఇల్లు, కింద దర్జీ కొట్టు, పైన ఎప్పుడూ ఎవరివో బట్టలు ఆరుతుండే డాబా. అంతవరకూ బాగానే ఉంది. బడిలో చేర్చాక వచ్చింది చిక్కు.

ఊళ్ళో మా మేష్టారు హాజరు పిలిస్తే చేతులు కట్టుకుని లేచి 'ఆయ్, వచ్చానండి' అనాలి. అది మా వైపు మర్యాద. ఇక్కడి బడిలో మొదటిరోజు టీచరు నా పేరు పిలవగానే, నా దగ్గరున్న మర్యాదనంతా కూడగట్టుకుని, చేతులు కట్టుకుని లేచి, గదంతా వినపడేలా 'ఆయ్, వచ్చానండీ!' అన్నాను. దేశంలోని అన్ని మూలల పిల్లలూ ఉన్న క్లాసు అది. అన్ని భాషల నవ్వూ ఒకేసారి వినడం నాకు అదే మొదలు. టీచరు కూడా నవ్వింది, పాపం ఆపుకోలేక. ఆ వారమంతా నేను ఎదురుపడితే చాలు, పిల్లలు చేతులు కట్టుకుని నిలబడి 'ఆయ్' అనేవాళ్ళు.

అంతే, నోరు మూసేశాను. మొదట బడిలో, తర్వాత మెట్ల దగ్గర ఆడుకునే పిల్లలతో, ఆఖరికి ఇంట్లో కూడా. ఎందుకంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మొండితనం మాత్రం కాదు. మాట గొంతుదాకా వచ్చేది. అవతల ఏముందో తలుచుకుని అక్కడే ఆగిపోయేది. ఇంగ్లీషు రాలేదు, తెలుగు రావడం మానేసింది. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

పెద్దవాళ్ళు ఊరుకుంటారా? టీచరు బెంచీ ఎక్కించింది. పొరుగింటి ఆంటీ మిఠాయి చూపించి, పేరు చెప్తేనే ఇస్తానంది. ఆ మిఠాయి ఆవిడే తినేసింది. అమ్మ ఊరి నుంచి వసకొమ్ము తెప్పించి, పసిపిల్లలకి రాసినట్టు నా నాలిక్కి రోజూ అరగదీసి రాసింది. దాని చేదు ఇంకా గుర్తుంది. అప్పుడు రాసిన వస అంతా ఇప్పుడు పనిచేస్తోందని మా అమ్మాయి అంటుంది. నాన్న మొదట బుజ్జగించాడు, తర్వాత కసిరాడు, ఆ తర్వాత నాతో మాట్లాడేటప్పుడు నా మొహం వంక చూడడం మానేశాడు. అది అన్నిటికంటే బాధ.

చివరికి బడివాళ్ళు చెప్పేశారు. నెలాఖరున పెద్ద టీచరు ముందు ప్రతి పిల్లా పుస్తకం పైకి చదవాలి, చదవకపోతే బడిలో ఉంచుకోవడం కష్టం అని. సరిగ్గా ఆ రోజుల్లోనే తాతయ్య మమ్మల్ని చూడ్డానికి నెల రోజుల వీసా మీద వచ్చి ఉన్నాడు. ఒకరోజు నాన్న అమ్మతో అంటుంటే పరదా ఇవతల నుంచి విన్నాను. వచ్చే గురువారం తాతయ్య వెళ్ళేటప్పుడు నన్నూ ఆయనతో పంపేస్తారట. పిన్ని దగ్గర ఉండి అక్కడి బడిలో చదువుకుంటానట. "అక్కడైనా నోరు పెగులుతుందేమో," అన్నాడు నాన్న. అమ్మ గిన్నె కింద పెట్టిన చప్పుడు మాత్రం వినపడింది.

నాకు వెళ్ళాలని లేదు. అమ్మ దగ్గరే ఉండాలని ఉంది. వెళ్ళనని చెబితే చాలు. చెప్పగలిగితే అసలు పంపేవాళ్ళే కాదు. ఎనిమిదేళ్ళ బుర్రతో ఆ ముడి పట్టుకుని రెండు రోజులు తిరిగాను.

తాతయ్య ఒక్కడే నన్ను ఎప్పుడూ మాట్లాడమనలేదు. డాబా మీద నా పక్కన కూర్చుని తన ధోరణిలో తను కాలవ కబుర్లు చెప్పేవాడు. జవాబు కోసం ఆగేవాడు కాదు. ఆయనకీ ఇక్కడ తెలుగు తప్ప మరో భాష రాదు గనక, ఊరంతటిలోనూ మేమిద్దరమే ఒక జట్టు.

తాతయ్య వెళ్ళడానికి ముందు శుక్రవారం వచ్చింది. రేవులో బాగుచేసిన ఒక పెద్ద చమురు ఓడ ఆ రోజు బయటికి వెళ్తోందని, పనివాళ్ళు ఇంట్లోవాళ్ళని తెచ్చి చూపించుకోవచ్చని నాన్న చెప్పాడు. నాన్నతో పనిచేసే క్రేన్ డ్రైవరు ఒకాయన పికప్పు తెచ్చాడు. కరీంనగరం వైపు మనిషి. నేను ఆయన్ని మామ అనేదాన్ని, అంటే మనసులో. ఆయనకి గల్ఫంతా దుబాయే. "దుబాయికొచ్చి ఓడ సూడకుంట పోతె ఊళ్ళె ఏం జెప్తవ్ తాతా?" అని తాతయ్యని ముందు సీట్లో ఎక్కించుకున్నాడు. అమ్మ పులిహోర, నారింజపళ్ళు సంచిలో పెట్టి ఇచ్చి తను ఇంటి దగ్గరే ఉండిపోయింది. నా బట్టలు సర్దాలి కదా.

ముహరఖ్ దాటి, హిద్ద్ దాటి, సముద్రంలోకి చాచిన చెయ్యిలా ఉన్న రోడ్డు మీద చాలా దూరం వెళ్ళాం. రెండు పక్కలా నీళ్ళే. రేవు గేటు దగ్గర అందరికీ తలకి టోపీలు ఇచ్చారు. పంచె కట్టు మీద పసుపుపచ్చ ఇనుపటోపీతో తాతయ్య ఏదో నాటకంలో వేషం మరిచిపోయి వచ్చినవాడిలా ఉన్నాడు. నా టోపీ నా కళ్ళమీదికి జారింది. దాన్ని పైకెత్తుకుని చూద్దును కదా, ఎదురుగా గోడ. ఎర్రటి గోడ. పైకి చూస్తే నల్లగా మారి ఇంకా పైకి పోతోంది. అది గోడ కాదు, ఓడ అని తెలియడానికి కొంతసేపు పట్టింది.

ఎలా చెప్పను? సముద్రం పక్కనే ఊరంత గొయ్యి తవ్వి, చుట్టూ రాయి కట్టి, ఓడని అందులోకి తెచ్చి, ఇనుప తలుపు మూసి, నీళ్ళన్నీ తోడేశారు. పొట్ట కింద దిమ్మలు పెట్టి ఓడని ఆరబెట్టారు. పని అయిపోయింది గనక తెల్లారకట్ట నుంచి మళ్ళీ నీళ్ళు వదుల్తున్నారు. మేం వెళ్ళేసరికి నీళ్ళు ఓడ మోకాళ్ళ దాకా వచ్చాయి. పైన రెయిలింగు పట్టుకుని నిలబడ్డ మనుషులు చీమలంత ఉన్నారు. దాని చుక్కాని ఒక్కటే మా ఇంటి డాబా కంటే ఎత్తు. ఓడ అని పేరెవరు పెట్టారో గాని, దాని ముందు ఓడిపోయింది మేము.

తాతయ్య టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఎప్పుడూ ఏదో ఒకటి చెబుతుండే మనిషికి మాట రాలేదు. పోనీలే, నాకు తోడు దొరికిందనుకున్నాను. చాలాసేపటికి నాన్న వైపు తిరిగి, "ఇదిరా అబ్బాయ్, మన లాకే," అన్నాడు. "మనదానికి రెండు జతల తలుపులు, దీనికి ఒకటే. అంతే తేడా." నాన్న నవ్వాడు. ఆ నవ్వులో, ఇంతదాన్ని తీసుకెళ్ళి మన కాలవతో పోలుస్తావేమిటన్న మాట ఉంది.

ఇక తాతయ్య కాలు ఒక చోట నిలవలేదు. ఓడని వదిలేసి తలుపు దగ్గరికి నడిచాడు. సముద్రానికీ గోతికీ మధ్య అడ్డంగా నిలబెట్టిన ఇనుపగోడ అది. దాని మూల దగ్గర గట్టు అంచున వంగి, కింద నీళ్ళలోకి చూస్తూ నిలబడిపోయాడు. "ఏం తాతా, గీ దర్వాజకు గొళ్ళెం యాడుందో ఎతుకుతున్నవా?" అన్నాడు క్రేన్ మామ.

"గొళ్ళేనికేంగాని, ఎక్కడ కారుతోందో చూస్తన్నానబ్బాయ్. కారని తలుపు లోకంలో లేదు."

అప్పుడే అక్కడికి రేవు పెద్దాయన వచ్చాడు. నీళ్ళు వదలడానికీ, తలుపు తీయడానికీ ఆయన మాటే మాట. తెల్లగడ్డం బహ్రెయినీ, మెడలో ఈల, చేతిలో రేడియో. పంచె కట్టుకున్న ముసలాయన తన తలుపుని పరీక్ష చెయ్యడం చూసి ఆయనకి వినోదంగా ఉన్నట్టుంది. పనివాళ్ళందరితో మాట్లాడే హిందీలో ఏదో అడిగాడు. క్రేన్ మామ అటూ ఇటూ తర్జుమా చేశాడు. ఈయనా ఇదే పని చేశాడని, తలుపులు తీసే పనేనని. ఆ పెద్దాయన తాతయ్యని ఎగాదిగా చూసి, చేయి గట్టిగా పట్టుకుని ఊపాడు. ఆ తర్వాత ఆ ఇద్దరికీ తర్జుమా పెద్దగా అక్కర్లేకపోయింది. వేళ్ళతో, భుజాలతో, కనుబొమలతో మాట్లాడుకున్నారు. మాట లేకుండా ఇంత మాట్లాడొచ్చా అని నేను నోరు తెరుచుకు చూశాను. మూసుకున్న నోరు తెరుచుకోవడం అదే మొదలు, చప్పుడు రాకపోయినా.

మధ్యాహ్నం గట్టు నీడన కూర్చుని పులిహోర తిన్నాం. నారింజ తొనలు ఒలిచి పెడుతూ తాతయ్య ఒక సంగతి చెప్పాడు. అంతకుముందు ఎన్నడూ చెప్పనిది. పనిలో చేరిన కొత్తల్లో, ఒక పెద్దమనిషి పడవ వెనక నిలబడి త్వరగా త్వరగా అని అరుస్తుంటే, నీళ్ళు ఇంకా జానెడు తేడా ఉండగానే తాతయ్య చక్రం మీద బలమంతా పెట్టి తలుపు తెరిచేశాడట. జానెడే కదా అనుకున్నాడట. ఆ జానెడు నీళ్ళు ఒక్కసారి ఉరికి, గదిలో ముందున్న కుండల పడవని గోడకేసి కొట్టాయి. కుమ్మరి కుటుంబం నెల రోజుల పని, ఒక్క కుండ మిగల్లేదు. "పడవలో ఆవిడ నన్ను తిట్టనైనా తిట్టలేదే అమ్మా. పెంకులు ఏరుకుంటూ కూర్చుంది," అన్నాడు. ఆ మాట నాకే చెప్పాడు గాని, పక్కనున్న నాన్న తొన నోట్లో పెట్టుకోబోయి ఆగిపోవడం నేను చూశాను.

అప్పటినుంచి తాతయ్య ఒక పద్ధతి పెట్టుకున్నాడు. చక్రం దగ్గర నిలబడ్డవాడికి తలుపు సందు కనపడదు. అందుకని మా నాయనమ్మ వెళ్ళి ఎగువ వైపు అంచున కూర్చునేది. తలుపు సందు దగ్గర నీళ్ళలో ఒక గడ్డిపరక వేసేది. రెండు వైపులా నీళ్ళ మట్టం తేడాగా ఉన్నంతసేపూ సందులోంచి నీళ్ళు లాగుతూనే ఉంటాయి గనక, పరక వెళ్ళి తలుపుకి అతుక్కుంటుంది. సమానమయ్యాక లాగేదేమీ ఉండదు, పరక వదిలేసి పక్కకి తేలిపోతుంది. అప్పుడు ఆవిడ గొంతెత్తి 'నీళ్ళు కలిశాయ్!' అని కేకవేసేది. ఆ కేక పడితేగాని, ఎవరు అరిచినా, ఎవరు బెదిరించినా తాతయ్య చక్రం ముట్టుకునేవాడు కాదు. మా నాయనమ్మ నేను పుట్టకముందే పోయింది. ఆవిడ గొంతు ఎలా ఉండేదో నాకు తెలీదు.

తిండి అయ్యాక తాతయ్య నారింజ తొక్క ఒకటి చేతిలో పెట్టుకుని లేచాడు. సైగలతోనే రేవు పెద్దాయనతో పందెం వేశాడు. తలుపు రెండు పక్కలా గోడ మీద తెల్లరంగుతో గీసిన కొలతగీతలు ఆయన సాధనం. నారింజ తొక్క మాది. నీళ్ళు సమానమైనట్టు ముందు ఏది చెబుతుందో చూద్దాం, ఓడినవాళ్ళు టీ పోయించాలి. ఆయన పకపకా నవ్వి ఒప్పుకున్నాడు. తాతయ్య సముద్రం వైపు మూలలో తొక్కని కిందికి వదిలాడు. అది రెండు క్షణాలు ఊగి, గబుక్కున వెళ్ళి తలుపూ గోడా కలిసే సందుకి అతుక్కుపోయింది. ఆకుపచ్చ నీళ్ళ మీద నారింజరంగు బొట్టు.

అప్పుడు తాతయ్య కళ్ళు నులుముకున్నాడు. "నా కళ్ళకి పొరలొచ్చాయే అమ్మా. తొక్కా కనపడదు, సముద్రమూ కనపడదు. మీ నాయనమ్మ కూర్చునే చోట నువ్వు కూర్చో. వదలగానే కేకెయ్యి." నాన్న ఆశ్చర్యంగా తాతయ్య వంక చూశాడు. 

నన్ను గట్టు అంచున కూర్చోబెట్టి, పడిపోకుండా వెనకనుంచి గౌను పట్టుకున్నాడు తాతయ్య. ఎంతసేపు కూర్చున్నామో. లోపల నీళ్ళు చప్పుడు లేకుండా పెరుగుతున్నాయి. ఉన్నట్టుండి క్రేన్ మామ "లేసింది!" అన్నాడు. ఓడ దిమ్మల మీంచి లేచి తేలిందన్నమాట. అంత కొండ, ఒక్క మూలుగు లేకుండా, ఎవరికీ చెప్పకుండా, బొటనవేలి మీద లేచినట్టు లేచింది. నాకు తొక్కమీంచి చూపు తిప్పుకునే ధైర్యం లేదు. ఓడ లేవడం నేను చూడలేదు, విన్నాను. ఆ లేవడానికి చప్పుడు లేదు. అయినా విన్నాననే చెబుతాను.

నీళ్ళు గీత తర్వాత గీత ఎక్కాయి. అవతల సముద్రంలో ఓడని లాగే చిన్న పడవలు రెండు పొగ వదులుతూ వచ్చి నిలబడ్డాయి. ఓడ పైన మనుషులు తాళ్ళు పట్టుకుని నిలబడ్డారు. రేవు పెద్దాయన ఈల నోట్లో పెట్టుకున్నాడు.

తొక్క కదిలింది.

మొదట ఒక అంచు లేచింది. మళ్ళీ అతుక్కుంది. మళ్ళీ లేచింది. తర్వాత మెల్లిగా, పట్టుకున్న చెయ్యి ఎవరో వదిలేసినట్టు, గోడ నుంచి వేలెడు దూరం జరిగి అక్కడే తేలుతూ నిలబడింది.

నేను చెప్పలేదు. చెప్పాలనే ఉంది. మాట గొంతుదాకా వచ్చింది. వచ్చి అలవాటు ప్రకారం ఆగింది. ఈల ఊదుతారని ఎదురుచూశాను. ఊదలేదు. నాన్న కూడా వంగి తొక్కనే చూస్తున్నాడు, ఆయనకి కనపడుతూనే ఉంది. నోరు తెరిచాడు. తాతయ్య రెండో చెయ్యి వెళ్ళి నాన్న చెయ్యి మీద పడింది.  రేడియోలో ఎవరిదో గొంతు గరగరలాడింది, అదీ ఆగిపోయింది. గాలి కూడా పనిమానేసినట్టుంది. తొక్క ఇంకో వేలెడు జరిగింది.

"ఏమ్మా, ఇంకా పట్టుకునే ఉందా?" అన్నాడు తాతయ్య, నెమ్మదిగా, నిజంగానే తెలియనివాడిలా.

ఆయనకి కనపడదు. నాకు తెలుసు. నేను చెప్పకపోతే ఆయనకి తెలిసే దారి లేదు. పందెం పోతుంది. కుండల పడవ ఆవిడ పెంకులు ఏరుకుంటుంది. ఏవేవో కలిసిపోయాయి నా బుర్రలో. నవ్వే పిల్లలు మాత్రం అందులో లేరు. అదొక్కటి బాగా గుర్తుంది.

"నీళ్ళు..." అన్నాను. తుప్పుపట్టిన చక్రంలా ఉంది నా గొంతు. మింగి, మళ్ళీ అన్నాను. "నీళ్ళు కలిశాయ్!"

ఈల మోగింది. "ఖలాస్!" అని అరిచి, రేవు పెద్దాయన తన టోపీ తీసి నా తల మీద ఉన్న టోపీ మీదే పెట్టాడు. క్రేన్ మామ "శభాష్ బిడ్డా!" అన్నాడు. నాన్న అటు తిరిగి చాలాసేపు సముద్రాన్ని చూశాడు. ఆ రోజు ఆయన సముద్రాన్ని అంతకుముందెప్పుడూ చూడనట్టు చూశాడు.

తర్వాత జరిగింది నేను ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. ఆ తలుపు మన తలుపుల్లా పక్కకి తెరుచుకోదు. దాని పొట్టనిండా నీళ్ళుంటాయి. వాటిని తోడేస్తే అంత ఇనుపగోడా ఒళ్ళు విరుచుకుని నీళ్ళ మీద తేలింది. ఒక చిన్న పడవ వచ్చి దాన్ని మేకపిల్లని తోలుకుపోయినట్టు పక్కకి లాక్కుపోయింది. "తలుపే పడవైపోయిందిరా!" అన్నాడు తాతయ్య. తన కళ్ళకి పొరలున్నాయన్న సంగతి మరిచిపోయి మరీ అన్నాడు. దారి తెరుచుకుంది. ఓడ కదిలింది. అంగుళం, మరో అంగుళం, మా ముందునుంచి ఎర్రటి నల్లటి గోడ సాగుతూనే ఉంది, అయిపోవడం లేదు. గట్టు కింద రాయి సన్నగా వణకడం నా కాళ్ళకి తెలిసింది. ఎవరూ నెట్టకుండా, దేన్నీ తాకకుండా, గోడకీ దానికీ మధ్య మూర సందుతో, అంత ఓడ వెనక్కి నడుచుకుంటూ సముద్రంలోకి వెళ్ళిపోయింది. దాని వెనకాలే, ఆ సుడిలో తిరుగుతూ, నా నారింజ తొక్క.

దారిలో పికప్పు వెనకాల కూర్చుని నేను రెండో మాట మాట్లాడాను. "తాతయ్యా, టీ ఎవరు పోయిస్తారు?" అని. పందెం తేలలేదని, అందుకే నేను ఓడని చూస్తుండగా తనూ రేవు పెద్దాయనా ఒకరికొకరు పోయించేసుకున్నామని తాతయ్య చెప్పాడు. ఇంటికెళ్ళి మెట్లమీంచే అమ్మని పిలిచాను. అమ్మ చేతిలో నా గౌను ఉంది, సగం మడత పెట్టినది. దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని అక్కడే చతికిలబడింది.

ఒక్కరోజులో వసపిట్టనైపోయానని అనను. సోమవారం బడిలో హాజరు పిలిస్తే లేచి, చేతులు కట్టుకోకుండా బెంచీ అంచు గట్టిగా పట్టుకుని, 'ప్రెజెంట్ అండీ' అన్నాను. మళ్ళీ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను. నీళ్ళు కలిసేటప్పుడు కొంచెం చప్పుడు తప్పదు. నెలాఖరున పెద్ద టీచరు ముందు ఒక పేజీ చదివాను. మధ్యలో నాలుగుచోట్ల తడబడ్డాను. నాలుగో చోట ఆవిడే అందించింది. ఆ లోపు గురువారం వచ్చి వెళ్ళింది. తాతయ్య ఒక్కడే విమానం ఎక్కాడు.

వెళ్ళే రోజు పొద్దున ఆయన సంచి చెవి తెగితే కుట్టుకుంటున్నాడు. కిటికీ దగ్గర కూర్చుని, దారం కొస నోట తడిపి, సూది బెజ్జంలోకి ఒక్క వేటున ఎక్కించాడు. నేను నిలబడిపోయాను. "నీకు కనపడదన్నావుగా!"

తాతయ్య తల ఎత్తలేదు. "పొరలు కదమ్మా, గోదారికి వరదొచ్చినట్టు వస్తుంటాయి, తీస్తుంటాయి," అని రెండు కుట్లు వేశాడు. తర్వాత అన్నాడు, "అయినా లాకు దగ్గర కూచున్నోడు నీళ్ళని చూడడే. పడవలో ఎవరున్నారో చూస్తాడు."

మిగతా సగం నాకు తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. నాన్న పని మానేసి ఊరికి వెళ్ళిపోయే ముందు ఒకరోజు టీ తాగుతూ, అప్పుడు జరిగిందన్నట్టు కాకుండా ఇప్పుడు జరుగుతున్నట్టు చెప్పాడు. నేను కేకవేసే ముందే, చాలా ముందే, గోడ మీద తెల్లగీతలు రెండు వైపులా సమానమైపోయాయట. రేవు పెద్దాయన ఈల పళ్ళ మధ్య పెట్టుకుని నన్నే చూస్తూ నిలబడ్డాడట. ఓడ మీంచి రేడియోలో ఏమిటి ఆలస్యం అని అడిగితే, దాని నోరు నొక్కేసి, నా నోరు తెరుచుకునేదాకా ఆగాడట. నా సంగతి ఆయనకి క్రేన్ మామ మధ్యాహ్నమే చెప్పాడట. అంటే ఆ ఓడ, ఆ లాగే పడవలు, తాళ్ళు పట్టుకున్న అంతమంది మనుషులు, ఆ సముద్రం, అన్నీ ఒక ఎనిమిదేళ్ళ పిల్ల గొంతు సవరించుకోవడం కోసం నిలబడ్డాయన్నమాట. "నేనైతే ఈల ఊదేసేవాణ్ణి," అన్నాడు నాన్న. ఆ ఒక్క మాట చెప్పడానికే ఆయనకి అన్నేళ్ళు పట్టిందని నాకు అర్థమైంది. నేను తొందరపెట్టలేదు.

తర్వాత నేను సల్మానియా ఆసుపత్రిలో పిల్లల వార్డులో నర్సుగా చేరి, అక్కడే తల నెరిపించుకున్నాను. నొప్పికీ భయానికీ నోరు మూసుకున్న పిల్లలు ఎందరో వచ్చేవాళ్ళు. ఏ భాష పిల్లలైనా సరే, నోరు తెరవమని నేను అడిగేదాన్ని కాదు. మంచం పక్కన కూర్చుని నారింజ ఒలిచేదాన్ని. కళ్ళద్దాలు మరిచిపోయానని, మందుసీసా చీటీ మీద బొమ్మ ఏమిటో కనపడటం లేదని చెప్పేదాన్ని. నా అద్దాలు నా జేబులోనే ఉండేవి.

ఇప్పుడు మా మనవరాలికి ఏడేళ్ళు. దానికి తెలుగు అర్థమవుతుంది గాని జవాబు ఇంగ్లీషులోనే. తెలుగులో చెప్పమని మా అమ్మాయి రోజూ దాన్ని నెడుతుంది, అది ఇంకాస్త బిగుస్తుంది. సాయంత్రం నేనూ అదీ అమ్వాజ్ గట్టు మీద కూర్చుంటాం. దూరంగా పెద్ద ఓడలు కదిలీ కదలనట్టు వెళ్తుంటాయి. నేను నారింజ ఒలిచి దానికి తొనలు పెడతాను, ఒక తొక్క ముక్క మాత్రం తీసి నీళ్ళలోకి వేస్తాను. పిల్ల రోజూ చూస్తోంది. తొక్క వంకా చూస్తుంది, నా వంకా చూస్తుంది. ఎందుకని ఇంకా అడగలేదు. దానికి నేను చెప్పకుండా దాచుకున్న సంగతి ఇదొక్కటే, దాచడం నాకెంత కష్టమో మా అల్లుణ్ణి అడగండి. అయినా ఈల పళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను.